పాలు లేని చిక్కదనం

ఒక వంటకం నుంచి ఏదైనా పదార్థాన్ని తీసివేయవలసి వచ్చినప్పుడు వండేవారి ఆలోచన సాధారణంగా రెండు దారుల్లో ఒకదాన్ని పడుతుంది. మొదటి దారిలో, ఖాళీ అయిన చోటును మరొకదానితో పూడ్చే ప్రయత్నం జరుగుతుంది. మీగడ ఉండవలసిన చోట కొబ్బరిపాలు, వెన్న ఉండవలసిన చోట నూనె, చీజ్ ఉండవలసిన చోట జీడిపప్పు ముద్ద వచ్చి చేరతాయి. రెండవ దారిలో, ఆ పదార్థం వంటలో అసలు ఏ పని చేస్తోంది, ఆ పనిని మిగిలిన సరుకులే చేసుకోగలవా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. మొదటి దారిలో వండినది ఎంత బాగా కుదిరినా, తినేవారి నాలుక దాన్ని లేని మీగడతో పోల్చి చూడడం మానదు. రెండవ దారిలో వండినదానికి ఆ పోలికతో పనే పడదు. పాలు, పాల పదార్థాలు ఏవీ కలపకుండా సాసేజ్, కూరగాయలతో ఇంట్లో కడుపునిండే సూప్ కాచుకోవడమనే చిన్న పని, ఈ రెండు దారుల మధ్య తేడాను పెద్ద సిద్ధాంతాల కన్నా స్పష్టంగా చూపుతుంది.

పాలు మానవలసిన కారణం అందరికీ ఒకటి కాదు. పాలలో సహజంగా ఉండే చక్కెరను లాక్టోస్ అంటారు. దాన్ని జీర్ణం చేయడానికి చిన్నపేగు గోడల్లో లాక్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. ప్రపంచ జనాభాలో ఎక్కువమందికి పసితనం దాటాక ఈ ఎంజైము తగ్గిపోతుంది కనుక, జీర్ణం కాని లాక్టోస్ పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి, కడుపుబ్బరానికీ విరేచనాలకూ కారణమవుతుంది. తరతరాలుగా పాడి మీద ఆధారపడిన ఉత్తర ఐరోపా వంటి ప్రాంతాల వారిలో జన్యుమార్పు వల్ల ఆ ఎంజైము పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటుంది; భారతదేశంలో ఈ ఇబ్బంది ఉత్తరాదిలో కన్నా దక్షిణాదిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. గ్లాసెడు పాలు తాగితే పడని మనిషి భోజనం చివర పెరుగన్నం హాయిగా తినగలగడానికి కారణం, పాలు తోడుకునేటప్పుడు అందులోని సూక్ష్మజీవులు లాక్టోస్‌లో కొంత భాగాన్ని తామే తినివేయడం, మిగిలినదాన్ని అరిగించడంలో సాయపడడం. పాల అలెర్జీ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అది పాలలోని ప్రోటీన్లను శరీర రక్షణ వ్యవస్థ శత్రువులుగా భావించడం వల్ల వచ్చేది, కాబట్టి అటువంటి వారికి పెరుగు కూడా ప్రమాదమే, చెంచాడు కలిసినా ప్రాణం మీదికి రావచ్చు.

పాలు పడనివారి కోసమని ఎవరూ కనిపెట్టకపోయినా, పాల ఊసే లేకుండా కడుపు నింపే సూపులు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటిలో పోర్చుగల్ వాయవ్య మూలన ఉన్న మిన్యు ప్రాంతపు సూప్ ‘కాల్దు వెర్దె’ ఒకటి. అట్లాంటిక్ తేమగాలులు తగిలే ఆ సీమ చిన్న చిన్న కమతాలకూ, మొక్కజొన్న చేలకూ, ద్రాక్ష పందిళ్లకూ పేరుపడ్డది. అక్కడి పెరళ్లలో ‘కోవ్ గలేగా’ అనే ఆకుకూర పెరుగుతుంది. అది క్యాబేజీ జాతిదే అయినా గుండు కట్టదు, పొడవాటి కాడ మీద వెడల్పాటి ముదురాకులు తొడుగుతుంది, కింది ఆకులు కోసుకున్నకొద్దీ పైన కొత్తవి వేస్తూ నెలల తరబడి ఇంటికి కూర అందిస్తుంది. ఈ ఆకు, బంగాళదుంప, ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఉప్పు, నీళ్లు, వీటికి తోడు వడ్డించేటప్పుడు గిన్నెలో వేసే ‘షొరీసు’ అనే సాసేజ్ ముక్క ఒకటో రెండో: ఇంతకు మించి ఆ సూప్‌లో ఏమీ ఉండదు. పక్కన ‘బ్రోవా’ అనే మొక్కజొన్న రొట్టె ఉంటుంది. పోర్తో నగరంలో జూన్ 23 రాత్రి జరిగే సెయింట్ జాన్ పండుగలో కాల్చిన సార్డీన్ చేపలతోపాటు దీన్నే తాగుతారు. 2011లో పోర్చుగల్ వంటల్లో ఏడు అద్భుతాలను ఎంపిక చేసినప్పుడు సూపుల్లో గెలిచినది కూడా ఇదే. మిన్యు, దాన్ని ఆనుకొని ఉన్న ప్రాంతాలు నేడు పోర్చుగల్ ప్రధాన భూభాగంలో పాడికి ప్రసిద్ధమైనవి కావడం గమనించదగినది. పాలు చేతికందే చోట కూడా ఈ సూప్‌లోకి పాలు రాలేదంటే, దానికి వాటి అవసరం కలగలేదనే అర్థం చేసుకోవాలి.

ఆ అవసరం ఎందుకు కలగలేదో తెలియాలంటే మీగడ సూప్‌లో చేసే పనిని విడదీసి చూడాలి. మీగడలో కొవ్వు సూక్ష్మబిందువులుగా నీటిలో చెదిరి, తిరిగి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా నిలిచి ఉంటుంది. ఇలా నూనె, నీరు విడిపోకుండా కలిసి ఉండే స్థితిని ఎమల్షన్ అంటారు. ఆ బిందువులు నాలుక మీద మెత్తగా జారడం వల్ల నిండుదనమనే అనుభూతి కలుగుతుంది. అదే పనిని బంగాళదుంప మరొక రీతిలో చేస్తుంది. దుంపలోని పిండిపదార్థం చిన్న చిన్న రేణువులుగా కణాల్లో దాగి ఉంటుంది. నీటి వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి, దుంప మెదిగినప్పుడు వాటిలో కొన్ని బయటపడి నీటిని చిక్కబరుస్తాయి. ఆ చిక్కదనంలో పడిన నూనె త్వరగా పైకి తేలిపోలేదు. అందుకే దుంపలను మెదిపేటప్పుడే ఆలివ్ నూనెలో ఎక్కువ భాగాన్ని కలపడం మేలు. చివరకు పైన వేసే చెంచాడు నూనె వాసన కోసమే.

ఇక్కడ పనిముట్టు కూడా లెక్కలోకి వస్తుంది. ఉడికిన దుంపలను మిక్సీలో వేసి ఎక్కువసేపు తిప్పితే కణాలన్నీ చితికి, పిండి ఒక్కసారిగా బయటికి వచ్చి, సూప్ బంకసాగుతుంది. తెలుగు వంటింట్లో ఉండే పప్పుగుత్తితో గిన్నె అంచుకు ఆనించి మెదిపితే కొంత దుంప పూర్తిగా కలిసిపోతుంది, కొంత పలుకుగా మిగులుతుంది, ఆ రెండింటి కలయికే నోటికి నిండుగా తోస్తుంది. దుంప ఉడికిందనడానికి గుర్తు, గరిటె అంచుతో నొక్కగానే ముక్క అడ్డం తిరగకుండా విరిగిపోవడం. ఆ దశకు రాకముందు పులుపు తగలకూడదు. మొక్కల కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో తొందరగా కరగదు కనుక, టమాటా ముందే పడిన గిన్నెలో దుంప గట్టిగా ఉండిపోతుంది. కందిపప్పు మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోయాలని తెలుగిళ్లలో పాటించే నియమానికి ఆధారం కూడా ఇదే.

చిక్కదనానికి మరొక దారి జంతువుల ఎముకలు, చర్మం, కీళ్ల నుంచి వస్తుంది. వాటిలోని కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ నీటిలో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికితే జెలటిన్‌గా మారుతుంది. హైదరాబాదు పాయా తాగినప్పుడు పెదవులు అతుక్కుంటున్నట్టు అనిపించడానికి కారణం ఆ జెలటినే. కోడి మెడ, రెక్కల ముక్కలు వేసి కాచిన నీటిని సూప్‌కు వాడితే, నూనె పెంచకుండానే నిండుదనం పెరుగుతుంది. పిండిపదార్థం, జెలటిన్, చెదిరి నిలిచిన నూనె అనే ఈ మూడూ ఎవరి పని అవి చేస్తున్నప్పుడు మీగడ వచ్చి చేయవలసిన పని ఏదీ మిగలదు.

సాసేజ్ విషయానికి వస్తే, అది తిండి కన్నా ముందు ఒక నిల్వ పద్ధతి. సన్నగా తరిగిన మాంసాన్నీ కొవ్వునూ ఉప్పు, మసాలాలతో కలిపి, శుభ్రం చేసిన పేగులోనో కొల్లాజెన్‌తో చేసిన తొడుగులోనో కూరి, పచ్చిగానో, ఉడికించో, పొగబెట్టి ఆరబెట్టో ఉంచినదాన్ని సాసేజ్ అంటారు. షొరీసు ఇందులో మూడవ రకం. పంది మాంసానికి వెల్లుల్లి, ద్రాక్షసారా, ఎర్రని తీపిమిరప పొడి పట్టించి, పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసి ఆరబెడతారు. చలికాలంలో కోసిన ఒక్క పందితో కుటుంబం ఏడాదంతా నెట్టుకురావలసిన పల్లెల్లో ఆ సాసేజ్ దండను పొదుపుగా వాడక తప్పేది కాదు. అయితే ఆరిన మాంసంలో నీరు తగ్గి ఉప్పు చిక్కబడడమే కాక, ప్రోటీన్లు విరిగి గ్లుటమేట్ వంటి రుచినిచ్చే అంశాలు విడివడతాయి. జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా 1908లో సముద్రపు నాచు నుంచి వేరుచేసి, ‘ఉమామి’ అని పేరుపెట్టిన రుచికి మూలం ఈ గ్లుటమేటే. అందువల్ల రెండు ముక్కలు గిన్నెడు ఆకుకూరకు మాంసపు రుచిని అంటించగలుగుతాయి. కోస్తా జిల్లాల్లో గుప్పెడు ఎండురొయ్యలు వేస్తే సొరకాయ కూరంతా రొయ్యల కూరగా మారినట్టే ఇది కూడా. రెండు చోట్లా మాంసం పాళ్లు చెప్పుకోదగ్గవి కావు, దాని ప్రభావం మాత్రం గిన్నెంతా ఉంటుంది.

ఈ పొదుపుకు నేడు మరొక సమర్థన కూడా ఉంది. ఉప్పు, పొగ, నైట్రైట్ లవణాలతో నిల్వచేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెప్పేదే తప్ప సాసేజ్‌ను అదే వర్గంలో ఉన్న పొగాకుతో సమానమైన ప్రమాదంగా నిర్ణయించేది కాదు, అయినా దాన్ని కంచంలో ప్రధాన పదార్థంగా కాక రుచి కోసం వేసే దినుసుగా, అదీ అప్పుడప్పుడే వాడడం మంచిదన్న సంగతి అందులోంచి తేలుతుంది. పల్లెవాసులకు లేమి నేర్పిన కొలతనే వైద్యశాస్త్రం మరో కారణంతో సూచిస్తోంది.

అయితే లేమిని అందంగా చూపడంలో ఒక ప్రమాదం ఉంది. 1950లలో గాయని అమాలియా రోడ్రిగిష్ పాడి ప్రసిద్ధం చేసిన ‘ఉమా కాజా పోర్చుగేజా’ అనే పాటలో పోర్చుగీసు పేదింటి సంతోషానికి గుర్తుగా కాల్దు వెర్దె కనిపిస్తుంది. నియంత సలజార్ పాలనాకాలంలో పేదరికమే సంతృప్తి అన్న భావనను ఇటువంటి పాటలు పెంచాయని తరువాతి తరాలు విమర్శించాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. గిన్నెలో ఒక్కటే ముక్క పడడం ఎవరి జీవన తత్త్వమూ కాదు, ఇంకో ముక్క లేకపోవడం మాత్రమే. కనుక ఈ సూప్‌ను మెచ్చుకోవడమంటే పేదరికాన్ని మెచ్చుకోవడం కాకూడదు; ఉన్న సరుకుల స్వభావాన్ని అంత నిశితంగా పట్టుకున్న వంటనేర్పును మెచ్చుకోవడం కావాలి. ఆ నేర్పు రెండు సాసేజ్‌లు కొనగల ఇంటికి కూడా పనికివస్తుంది.

తెలుగు ఊళ్లలోనైనా, తెలుగువారు స్థిరపడిన చలిదేశాల్లోనైనా ఈ సూప్ కాచడానికి పెద్ద హంగు అక్కర లేదు. నలుగురికి అర కిలో బంగాళదుంపలు, ఒక పెద్ద ఉల్లిపాయ, మూడు నాలుగు వెల్లుల్లి రేకలు, లీటరున్నర నీళ్లు, 200 గ్రాముల ఆకు, 150 గ్రాముల సాసేజ్, నాలుగు చెంచాల నూనె సరిపోతాయి. కోవ్ గలేగా దొరకని చోట అదే జాతికి చెందిన క్యాబేజీ ముదురాకులు, కాలీఫ్లవర్ ఆకులు, నూల్‌కోల్ ఆకులు చక్కగా నప్పుతాయి. గోంగూర పుల్లనిది కనుక దాని దారి వేరు. ఆకుల మధ్య ఈనె తీసివేసి, నాలుగైదు ఆకులను ఒకదానిమీద ఒకటి పేర్చి చుట్టగా చుట్టి, వీలైనంత సన్నగా తరగాలి. పోర్చుగల్ సంతల్లో ఈ పనికి చేత్తో తిప్పే చిన్న యంత్రాలు ఉంటాయి, దారాల్లా తరిగిన ఆకును అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు. తరిగిన ఆకును దుంప మెదిపిన తరువాతే మరుగుతున్న సూప్‌లో వేసి, మూత పెట్టకుండా, నాలుగైదు నిమిషాలకు మించకుండా ఉడికించాలి. ఆకు నుంచి వెలువడే ఆమ్లాలు ఆవిరితో పోవడానికి దారి లేకపోతే అవి పచ్చదనాన్నిచ్చే పత్రహరితంలోని మెగ్నీషియంను తొలగించి, సూప్‌ను మురికిపచ్చగా మారుస్తాయి.

తెలుగు రాష్ట్రాల బజార్లలో ఎక్కువగా దొరికేది కోడిమాంసపు సాసేజ్, అది షొరీసు అంత ఘాటైనది కాదు. దాన్ని నేరుగా నీటిలో వేస్తే చప్పగా తేలుతుంది. చక్రాలుగా కోసి, నూనెలో రెండు వైపులా గోధుమరంగు వచ్చేదాకా వేయించితే, మాంసంలోని ప్రోటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి కొత్త వాసనలను పుట్టిస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరిట దీన్ని మయ్యార్ చర్య అంటారు. నీరు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఈ చర్య నీటిలో అంతగా జరగదు. వేగిన ముక్కలను తీసి పక్కన ఉంచి, సెగ తగ్గించి, ఆ నూనెలోనే చెంచాడు కారం వేయాలి, ఎందుకంటే మిరప ఎరుపూ ఘాటూ నూనెలో కరిగినంతగా నీటిలో కరగవు. రంగు ఎక్కువ, మంట తక్కువ ఉండే మిరప ఇక్కడ కావాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరప సరిగ్గా అటువంటిది. ఆ ఎర్రని నూనె పచ్చని సూప్ మీద చుక్కలు చుక్కలుగా తేలినప్పుడు షొరీసు లేని లోటు చాలావరకు తీరుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. గిన్నెలోకి పాలు రాకుండా చూసినా, సాసేజ్‌లోనుంచి అవి రహస్యంగా రావచ్చు. ఫ్రాన్సులోని ‘బూదాఁ బ్లాఁ’ వంటి తెల్ల సాసేజ్‌లలో పాలు బాహాటంగానే కలుపుతారు. కర్మాగారాల్లో తయారయ్యే అనేక రకాల్లో మాంసం పట్టుగా నిలవడానికి పాలపొడి, వే ప్రోటీన్, కేసినేట్ అనే పేర్లతో పాల పదార్థాలు చేరతాయి, శాకాహార సాసేజ్‌లు కూడా ఇందుకు మినహాయింపు కావు. ఐరోపా చట్టం పాలతో కలిపి 14 అలెర్జీ కారకాలను పొట్లం మీద విడిగా కనిపించేలా ముద్రించాలని నిర్దేశిస్తుంది. భారతదేశంలో కూడా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం పాలు ఉన్నట్టయితే ఆ సంగతి తెలపాలి. కొట్టులో రెండు నిమిషాలు ఆగి ఆ చిన్న అక్షరాలు చదవడం కూడా ఈ వంటలో ఒక భాగమే.

కొబ్బరిపాలు పోసి కాచే సూప్ తప్పు అని దీని అర్థం కాదు. కొబ్బరి తన వాసననూ తీపినీ వెంట తెస్తుంది, ఆ రెండూ కోరుకున్నచోట అది గొప్ప పదార్థమే. కాని మీగడకు మారువేషంగా వచ్చినప్పుడు దానికి రెండు వైపులా న్యాయం జరగదు. అది మీగడలా ఉండదు, కొబ్బరిగా ఉండడానికి దానికి అనుమతీ ఉండదు.

ఈ తేడా రుచితోనే ఆగిపోదు. పాలు పడని మనిషి ఉన్న ఇంట్లో మీగడ సూప్ కాచినప్పుడు ఆ ఒక్కరి కోసం వేరే గిన్నె పొయ్యి మీదికి ఎక్కుతుంది, ఆ గిన్నెను కలపడానికి వేరే గరిటె కావాలి, వడ్డించేటప్పుడు వేరే మాట చెప్పాలి. తినే మనిషికి అది శ్రద్ధగానూ తోచవచ్చు, వెలిగానూ తోచవచ్చు. ఒకే పంక్తిలో కూర్చున్నవారికి వేర్వేరు పదార్థాలు వడ్డించడాన్ని పంక్తిభేదమని తెలుగువారి భోజన మర్యాద దోషంగా ఎంచింది. బంగాళదుంప, నూనె, ఆకుల మీద నిలబడిన సూప్‌లో ఆ దోషానికి తావు తక్కువ, ఎందుకంటే పాలు తాగగలవారూ తాగలేనివారూ ఒకే గిన్నెలోంచి, ఎవరికీ ఏదీ తగ్గకుండా తింటారు. సాసేజ్ ముక్కను ఉడికే గిన్నెలో కాక వడ్డించేటప్పుడే వేసే మిన్యు అలవాటు ఈ సౌలభ్యాన్ని ఇంకొంచెం పెంచుతుంది. సూప్‌ను కోడి ముక్కల నీటితో కాక మామూలు నీటితో కాచి, సాసేజ్ వేగిన నూనెను కూడా విడిగా ఉంచితే మాంసం తిననివారు ముక్క లేకుండా పోయించుకోవచ్చు, అయితే మాంసం సూప్‌తో కలిసి ఉడకనందువల్ల మిగిలినవారికి కొంత రుచి తగ్గుతుంది, మాంసం ముట్టిన గరిటె కూడా కూడదనేవారికి ఇది చాలదు. ఇటువంటి పరిమితులు ఉన్నప్పటికీ, ఒకరికి పడనిదాన్ని అందరి గిన్నెలోంచి తీసేశాక కూడా ఎవరికీ వెలితి తెలియకుండా వండగలగడం చిన్న నేర్పు కాదు, దాన్ని ఏ పొట్లంలోనూ కొనలేము.